పాటలకీ సినిమాలకీ తక్కువ ధరలో హెడ్‌ఫోన్స్ ఎంచుకోవడం ఎలా?

"రెండు వేల లోపు మంచి హెడ్‌ఫోన్స్ ఏవి?" అని అడిగేవాళ్లకు ఒక మోడల్ పేరు చెప్పి పంపించేయడం తేలికే. చిక్కల్లా ఏమిటంటే, రోజూ బస్సులో పాటలు వినేవాళ్లకు నప్పింది, ఇంట్లో అందరూ పడుకున్నాక టీవీలో సినిమా చూసేవాళ్లకు నప్పదు. అందుకే మోడల్ పేర్లు ఇక్కడ బాగా కిందికి వస్తాయి. ముందు మీ దగ్గరున్న పరికరం, తర్వాత మీ చెవి, ఆ తర్వాతే డబ్బు. 500 నుంచి 6,000 రూపాయల మధ్య కొనేవాళ్ల కోసం రాసిన పద్ధతి ఇది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు వాడే ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ. వాటికి ఏ ఏ పోర్టులున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి.
- ఒక స్కేలు లేదా టైలరు టేపు.
- మీకు కంఠతా వచ్చిన పాటలు నాలుగైదు, డౌన్‌లోడ్ చేసి. యాప్ సెట్టింగుల్లో ఆడియో క్వాలిటీని హై మీద పెట్టాకే డౌన్‌లోడ్ చేయండి.
- మాటలు ఎక్కువున్న సినిమా సీను ఒకటి, ఫైటు ఒకటి.
- పోల్చి చూడ్డానికి ఇప్పుడు వాడుతున్న పాత ఇయర్‌ఫోన్స్. ఎంత నాసిరకమైనా సరే, పారేయకండి.

1. దేనికి పెడతారో ముందు తేల్చుకోండి

ఫోన్‌కు 3.5 ఎం.ఎం. జాక్ ఉంటే సగం సమస్య తీరినట్టే. లేకపోతే వైర్డ్ హెడ్‌ఫోన్స్‌కు టైప్-సీ డాంగిల్, అంటే చార్జింగ్ పోర్టులో పెట్టే చిన్న కన్వర్టర్ వైరు కావాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. మార్కెట్‌లో డాంగిల్స్ రెండు రకాలు: డ్యాక్ చిప్ (డిజిటల్ సౌండ్‌ను హెడ్‌ఫోన్స్ పలికే అనలాగ్‌గా మార్చేది) ఉన్నవి, లేనివి. చిప్ లేనిది కేవలం వైరు ముక్క. ఫోనే టైప్-సీ నుంచి అనలాగ్ సౌండ్ పంపిస్తేనే అది పలుకుతుంది, చాలా ఫోన్లు అలా పంపవు. డబ్బా మీద 'డ్యాక్' అన్న మాట లేకపోతే వదిలేయండి.

టీవీ అయితే వెనక్కి తిప్పి చూడండి. హెడ్‌ఫోన్ జాక్ ఉంటే నేరుగా పెట్టేయొచ్చు, వైరు మాత్రం మూడు మీటర్లయినా ఉండాలి. జాక్ లేకుండా ఆప్టికల్ పోర్టు ఒక్కటే ఉంటే, ఆప్టికల్ నుంచి 3.5 ఎం.ఎం.కు మార్చే చిన్న కన్వర్టర్ డబ్బా దొరుకుతుంది. అది పెట్టాక సౌండ్ రాకపోతే డబ్బా చెడిపోయిందనుకోకండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఔట్‌పుట్‌ను 'పీసీఎం' అని మార్చండి. టీవీ డాల్బీ పంపిస్తుంటే ఆ చవక డబ్బాకు దాన్ని విప్పడం రాదు, అంతే.

ఐఫోన్ వాడేవాళ్లు ఎల్‌డ్యాక్, ఆప్ట్‌ఎక్స్ అన్న కోడెక్‌ల (బ్లూటూత్‌లో సౌండ్‌ను కుదించి పంపే పద్ధతులు) పేర్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఐఫోన్ బ్లూటూత్‌లో వాటిని వాడుకోదు.

2. రకం ఎంచుకోండి

చెవిలోకి దిగే వైర్డ్ ఇయర్‌ఫోన్స్, అంటే ఐఈఎంలు: రెండు వేల లోపు పాటల కోసమే అయితే వీటిని మించినవి లేవు. అదే ధరకు వచ్చే బ్లూటూత్ సరుకులో మీ డబ్బు బ్యాటరీకి, చిప్‌కు, మైకుకు, చార్జింగ్ డబ్బాకు పోగా మిగిలిందే సౌండ్‌కు దక్కుతుంది. పైగా రెండు మూడేళ్లకు ఇయర్‌బడ్స్ బ్యాటరీ నీరసిస్తుంది, దాన్ని మార్చే వీలుండదు. వైరు ఊడొచ్చే ఐఈఎం అయితే వైరొక్కటీ మార్చుకుని మళ్లీ వాడుకోవచ్చు.

చెవిని మొత్తం కప్పేవి, అంటే ఓవర్-ఇయర్: సినిమాలకు ఇవి హాయి. రెండున్నర గంటలు చెవిలో ఏమీ గుచ్చుకోదు, సౌండ్ కూడా కాస్త విశాలంగా వస్తుంది. అయితే మే నెలలో ఏసీ లేని గదిలో పది నిమిషాలకే చెవులు తడిసిపోతాయి. అది ముందే ఆలోచించుకోండి.

చెవి మీద ఆనేవి, అంటే ఆన్-ఇయర్: తేలిగ్గా, చవగ్గా ఉంటాయి. గంట దాటితే చెవితమ్మెలు నొప్పి పుడతాయి. కళ్లజోడు ఉంటే ఇంకా త్వరగా.

వెనక జాలీ ఉండే ఓపెన్-బ్యాక్: గాలి ఆడుతుంది, సౌండ్ బయట నుంచి వస్తున్నట్టు ఉంటుంది. కానీ పక్కనున్నవాళ్లకు మొత్తం వినిపిస్తుంది, ఫ్యాన్ చప్పుడు మీకు వినిపిస్తుంది. ఒంటరి గది ఉన్నవాళ్లకే.

నెక్‌బ్యాండ్, ఇయర్‌బడ్స్: నడకకూ ఫోన్ కాల్స్‌కూ సరే. పాటలే ముఖ్యమైతే వీటిని రెండో వరసలో పెట్టండి.

3. డబ్బా మీద అంకెల్లో ఏవి చదవాలి

'20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్' అని అన్నిటి మీదా ఉంటుంది. మనిషి చెవి పరిధి అది. మూడొందల ఇయర్‌ఫోన్స్ మీదా అదే రాస్తారు కాబట్టి దానివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. డ్రైవర్ (లోపల సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్) సైజూ అంతే. 50 ఎం.ఎం. అంటే 40 ఎం.ఎం. కంటే మంచిదని కాదు, పెద్దదని మాత్రమే. '7.1 సరౌండ్' అన్నది దాదాపు ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ పనే. బ్లూటూత్ 5.3, 5.4 అన్న అంకె కూడా సౌండ్ నాణ్యతకు కొలత కాదు.

చదవాల్సినవి రెండు: ఓముల్లో ఇంపెడెన్స్ (కరెంటుకు ఎంత అడ్డో), డెసిబెల్స్‌లో సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా పలుకుతుందో). ఫోన్‌కు సరిపడా సౌండ్ వస్తుందో రాదో ఈ రెండూ కలిస్తేనే తెలుస్తుంది. సెన్సిటివిటీని కొన్ని కంపెనీలు ఒక మిల్లీవాట్‌కు, కొన్ని ఒక వోల్టుకు లెక్కేసి రాస్తాయి. పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పు లెక్క వస్తుంది. మిల్లీవాట్ అంకెను వోల్టు అంకెగా మార్చాలంటే 16 ఓములకు 18, 32 ఓములకు 15, 80 ఓములకు 11, 250 ఓములకు 6 కలపండి. అలా వచ్చిన అంకె 110 లేదా ఆపైన ఉంటే మామూలు ఫోన్‌కు దిగుల్లేదు. 105 కంటే తక్కువైతే సినిమా మాటలు సన్నగా వినిపిస్తాయి, ఆంప్ (సౌండ్ పెంచే విడి పరికరం) కొనాల్సి వస్తుంది. ఉదాహరణకు 32 ఓములు, మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ అంటే వోల్టుకు 115. నిక్షేపంగా సరిపోతుంది.

4. బ్లూటూతే కావాలనుకుంటే

ఏఎన్‌సీ, ఈఎన్‌సీ ఒకటే అనుకుని కొని బాధపడేవాళ్లు చాలామంది. ఏఎన్‌సీ మీ చెవికి బయటి రొదను తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మైకుకు సంబంధించింది: మీరు ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకు మీ వెనక గోల తగ్గుతుంది, మీకు ఒరిగేదేమీ లేదు. చవక సరుకు డబ్బా మీద 'నాయిస్ క్యాన్సిలేషన్' అని పెద్దక్షరాలతో ఉండి, కింద చిన్నగా 'కాల్స్‌కు' అని ఉందేమో చూడండి. నిజమైన ఏఎన్‌సీ కూడా బస్సు ఇంజిను, ఏసీ, ఫ్యాన్ లాంటి ఆగని మోతనే బాగా అణుస్తుంది. పక్క సీటువాళ్ల కబుర్లను పూర్తిగా ఆపదు.

సినిమాలకు అసలు సమస్య ఆలస్యం. మామూలు ఎస్‌బీసీ కోడెక్ మీద సౌండ్ సుమారు 200 మిల్లీసెకన్లు వెనకబడొచ్చు. యూట్యూబ్ లాంటి యాప్స్ ఫోన్‌లో ఆ మేరకు వీడియోను సర్దుకుంటాయి కాబట్టి తేడా తెలియదు. టీవీలో, గేముల్లో తెలుస్తుంది. టీవీకే అయితే సౌండ్ మెనూలో 'ఏవీ సింక్' లేదా 'ఆడియో డిలే' అన్న ఆప్షన్ ఉందో లేదో కొనకముందే చూసుకోండి. అది సౌండ్‌ను వెనక్కి మాత్రమే జరిపే రకమైతే మీ సమస్య తీరదు.

బ్లూటూత్‌తో పాటు 3.5 ఎం.ఎం. వైరు కూడా పెట్టుకోగలిగే మోడల్ దొరికితే దానికే మొగ్గండి. చార్జింగ్ అయిపోయినా, సింక్ తప్పినా వైరు తగిలించి సినిమా ముగించొచ్చు.

5. చెవి కొలవండి

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఎవరూ చేయని పని ఇది. అద్దం ముందు నిలబడి చెవి పైఅంచు నుంచి తమ్మె చివరి దాకా స్కేలుతో కొలవండి. పెద్దవాళ్లలో ఆరు, ఆరున్నర సెంటీమీటర్లుండటం మామూలే. ఓవర్-ఇయర్ కుషన్ లోపలి ఖాళీ అంతకంటే తక్కువైతే అది చెవిని కప్పదు, చెవి మీద కూర్చుంటుంది. పేరుకు ఓవర్-ఇయర్, పనికి ఆన్-ఇయర్. కుషన్ లోతు కూడా చూడాలి: రెండు సెంటీమీటర్లు లేకపోతే చెవి వెళ్లి కప్పు లోపలి ప్లాస్టిక్‌కు తగిలి గంటలో మంట మొదలవుతుంది.

కళ్లజోడు పెట్టుకునేవాళ్లు జోడుతోనే పరీక్షించండి. కమ్మీ దగ్గర కుషన్ లేచి సందు పడితే బేస్ అక్కడే జారిపోతుంది.

రెక్సిన్ కుషన్లు మన చెమటకు ఏడాది, రెండేళ్లలో పొరలు పొరలుగా ఊడి నల్లటి తుక్కు చెవులకు అంటుకుంటుంది. కాబట్టి ఆ మోడల్‌కు విడి కుషన్లు దొరుకుతాయా అన్నది కొనేముందే వెతకండి. దొరక్కపోతే ఆ హెడ్‌ఫోన్ ఆయుష్షు కుషన్ ఆయుష్షే.

6. ధరను బట్టి

ధరలు వారం వారం మారుతుంటాయి కనుక ఇవి దారి చూపడానికే.

వెయ్యి లోపు: వైర్డ్ తప్ప ఇంకేమీ వద్దు. కేజెడ్ కంపెనీ వారి మొదటి వరస ఐఈఎంలు ఈ ధరలో తిరుగుతుంటాయి. తల మీద పెట్టుకునేదే కావాలంటే సోనీ ఎండీఆర్-జెడ్‌ఎక్స్110 చాలాకాలంగా ఉన్న ఆన్-ఇయర్. అద్భుతం కాదు, మోసమూ కాదు.

పదిహేను వందల నుంచి రెండున్నర వేలు: మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో అన్న ఐఈఎంలు. రెండిటికీ వైరు ఊడొస్తుంది. గొంతులు, వయొలిన్లు తేటగా పలుకుతాయి. కొండలు అదిరే బేస్ కోరుకునేవాళ్లకు మొదట్లో చప్పగా అనిపించొచ్చు.

మూడు నుంచి ఆరు వేలు: ఇంట్లో ల్యాప్‌టాప్, టీవీ ముందు కూర్చునేవాళ్లకు ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్ అన్న ఓవర్-ఇయర్. వైరు మూడు మీటర్లు, ఊడి రాదు. బస్సులో అది కాళ్లకు చుట్టుకుంటుంది కాబట్టి ఇంటికే. బ్లూటూత్ అయితే సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520: 147 గ్రాములు, ఒక చార్జింగ్‌కు కంపెనీ చెప్పే లెక్క 50 గంటలు. అయితే ఇది ఆన్-ఇయర్, ఏఎన్‌సీ లేదు, వైరు పెట్టే జాక్ కూడా లేదు.

7. కొనేటప్పుడు

'రిటర్న్', 'రీప్లేస్‌మెంట్' రెండూ వేరు. రీప్లేస్‌మెంట్ అంటే చెడిపోతే అదే మోడల్ మళ్లీ ఇస్తారు, నచ్చకపోతే డబ్బు వెనక్కి రాదు. ఆర్డర్ పెట్టే ముందు ఆ మాట ఎక్కడుందో వెతికి చదవండి. డబ్బా విప్పేటప్పుడు సీల్ కనిపించేలా మొదటి నుంచి చివరి దాకా ఒకే వీడియో తీసి ఉంచుకోండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్, ఇయర్‌ఫోన్స్‌కు మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బా మీదో, చార్జింగ్ కేసు మీదో 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది. ఆ పేరుకూ, డబ్బా మీదున్న పేరుకూ పొంతన లేకపోతే నకిలీ అని అనుమానించాల్సిందే.

8. ఇంటికొచ్చాక పరీక్ష: మొదటి రోజే

'వంద గంటలు వాడితే సౌండ్ తెరుచుకుంటుంది' అని ఎవరైనా చెప్తే నమ్మి కూర్చోకండి. ఆ వంద గంటల్లో రిటర్న్ గడువు దాటిపోతుంది.

ముందుగా ఫోన్‌లో డాల్బీ అట్మాస్, ఈక్వలైజర్, బేస్ బూస్ట్ అన్నీ ఆపేయండి. యాక్సెసిబిలిటీ మెనూలో 'మోనో ఆడియో' ఆఫ్‌లో, కుడి ఎడమల బ్యాలెన్స్ మధ్యలో ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఈ వరసలో:

అ) బిగింపు. ఐఈఎం అయితే రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి పెట్టండి. పాట నడుస్తుండగా బయటి నుంచి వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే టిప్ (చెవిలోకి దిగే రబ్బరు తొడుగు) సైజు చిన్నదన్నమాట. పెద్దది మార్చండి. రెండు చెవులకూ ఒకే సైజు పట్టాలని లేదు.

ఆ) కుడి ఎడమలు. యూట్యూబ్‌లో 'లెఫ్ట్ రైట్ టెస్ట్' పెట్టండి. తారుమారైతే వైరు ఊడదీసి మార్చి పెట్టండి.

ఇ) మధ్య గొంతు. బాలు, చిత్ర పాడిన ఏదైనా పాట పెట్టి కళ్లు మూసుకోండి. గొంతు సరిగ్గా రెండు కళ్ల మధ్య నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే టిప్ సరిగా కూర్చోలేదు, లేదా ఒక డ్రైవర్ బలహీనం. కుడి ఎడమలు మార్చి పెట్టుకున్నాక కూడా అదే చెవిలో తక్కువైతే తేడా చెవిలోనో, ఆ చెవికి టిప్ పట్టడంలోనో ఉంది. ఆ తగ్గుదల హెడ్‌ఫోన్‌తో పాటు రెండో చెవికి మారితే సరుకులోనే లోపం. గొంతు ఎక్కడా నిలవకుండా తల చుట్టూ తేలుతూ, బేస్ కూడా మాయమైందా? రెండు పిన్నుల వైరున్న ఐఈఎంలో ఒక వైపు పిన్నులు తిరగేసి గుచ్చారు. ఆ ఒక్క వైపు తిప్పి పెడితే చక్కబడుతుంది.

ఈ) చిటపటలు. 20 హెర్ట్జ్ నుంచి పైకి వెళ్లే టోన్ స్వీప్ వీడియో ఒకటి తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. 30 నుంచి 100 హెర్ట్జ్ మధ్య గరగర, టపటప వినిపిస్తే డ్రైవర్ లోపం, మార్పించండి. పైన 15,000 దాటాక ఏమీ వినిపించకపోతే కంగారొద్దు. వయసుతో చెవికి అది తగ్గుతుంది.

ఉ) మన సంగీతం. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ గొంతు కింద తనదైన వరసలో నడుస్తుంటుంది. ఆ నడక విడిగా పట్టుకోగలిగితే బేస్ శుభ్రంగా ఉన్నట్టు. ఏ స్వరమైనా 'బుమ్' అని ఒకేలా మోగితే బేస్ ఎక్కువే గానీ మంచిది కాదు. తీన్మార్ డప్పులో కర్ర దెబ్బ, దాని వెనక మోత వేర్వేరుగా వినిపించాలి. 'స', 'శ' అక్షరాల దగ్గర చెవిలో సూది గుచ్చినట్టుంటే రోజూ గంటసేపు వినలేరు.

ఊ) సినిమా. ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను సబ్‌టైటిల్స్ లేకుండా అర్థమయ్యే వాల్యూమ్ పెట్టి, ముట్టుకోకుండా ఫైటు సీనుకు వెళ్లండి. చెవులు గింగురుమంటే సమస్య హెడ్‌ఫోన్‌ది కాకపోవచ్చు. దాని సంగతి కింద ఉంది.

ఋ) అరగంట తీయకుండా పెట్టుకుని ఉండండి. ఇంతవరకూ అన్నీ పాసై, ఇక్కడ ఫెయిలైతే వెనక్కి పంపేయండి. అలవాటవుతుందిలే అనుకుంటే అది బీరువా చేరుతుంది.

ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు

వాయిద్యాలు వినిపిస్తాయి, గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంటుంది. సినిమాలో మాటలే వినపడవు: జాక్ పూర్తిగా దిగలేదు. చాలాసార్లు నేరం మందపాటి ఫోన్ పౌచ్‌ది. పౌచ్ అంచు జాక్‌ను అర మిల్లీమీటరు ఆపినా గ్రౌండ్ వైరు సరిగా తగలదు. అప్పుడు కుడి ఎడమలకు తేడాగా ఉన్న సౌండే మిగిలి, రెండిట్లో సమానంగా ఉండే గొంతు కొట్టుకుపోతుంది. పౌచ్ తీసి మళ్లీ గుచ్చి చూడండి. జాక్ రంధ్రంలో దూది పోగుల్లాంటి దుమ్ము ఉన్నా ఇదే జరుగుతుంది.

మాటలు తక్కువ, మోత ఎక్కువ: 5.1 మిక్స్‌ను (ఆరు స్పీకర్ల కోసం కలిపిన సౌండ్) రెండు చెవులకు కుదించినప్పుడు వచ్చే తంటా. ఓటీటీ ఆడియో మెనూలో 5.1 కాని స్టీరియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ వీడియో ప్లేయర్ అయితే కంప్రెసర్ (పెద్ద మోతకూ చిన్న మాటకూ తేడా తగ్గించేది) ఆన్ చేయండి. కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లలో 'లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్' అని ఉంటుంది, సినిమాలకు ఆన్, పాటలకు ఆఫ్.

ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ సౌండ్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా ఉంది: ఏదో యాప్ హెడ్‌ఫోన్ మైకును పట్టుకుంది. మైకు తెరుచుకోగానే బ్లూటూత్ ఫోన్ కాల్ మోడ్‌లోకి దిగి స్టీరియో పోతుంది. మీటింగ్ యాప్స్ మూసేయండి, లేదా ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి.

పెదాలు ముందు, మాట తర్వాత: వీఎల్‌సీలో కీబోర్డు మీద జే నొక్కితే సౌండ్ 50 మిల్లీసెకన్లు ముందుకు వస్తుంది, కే నొక్కితే వెనక్కి పోతుంది. బ్లూటూత్‌కు జే మూడు నాలుగుసార్లు సరిపోతుంది.

వాల్యూమ్ ఎంత పెట్టొచ్చు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలు 75 దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది: 83కు 20 గంటలు, 86కు 10. బస్సులో రొద దాటడానికి వాల్యూమ్ పెంచుతూ పోయే బదులు బిగుతుగా పట్టే టిప్ వేసుకోండి.

కొన్ని నెలలకు ఒక వైపు సౌండ్ తగ్గింది: ఐఈఎం అయితే ముందు టిప్ తీసి మూతి దగ్గరున్న జాలీని టార్చ్ వెలుగులో చూడండి. గులిమి పట్టి ఉంటుంది. జాలీని కిందికి తిప్పి పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. పిన్నుతో పొడవొద్దు, నీళ్లూ శానిటైజరూ వద్దు. టిప్స్ మాత్రం విడిగా సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక ఎక్కించండి. అప్పటికీ తగ్గే ఉంటే వైరును మార్చి చూసి, ఆ తర్వాతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.